నేను రాసిన రెండు రిపోర్టులు

నా కన్ను తప్పు చూడదని కుర్రతనంలో నాకు మహా పొగరు. వరంగల్‌లో ఒక ట్రస్టు వాళ్ళ చిన్న దవాఖానలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ దవాఖాన ఇప్పుడు లేదు, ఆ జాగాలో చీరల దుకాణం లేచింది. డెబ్బైల చివర్లో, ఇరవై ఒక్కేళ్ళకే, తెల్లకోటు తొడుక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. మా కొత్తవాడ గల్లీలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టకుండా బతుకు వెతుక్కున్న మొదటి మొగపిల్లాణ్ణి నేనే. ఇక పొగరెందుకు ఉండదు? డాక్టర్లు కూడా నా కాగితం చూశాకే నోరు విప్పుతారని గల్లీ అంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ పొగరు ఎవరి కొంప ముంచిందో ఇన్నేళ్ళకు రాస్తున్నాను. ముందే రాయాల్సింది. ధైర్యం చాల్లేదు.

మా అక్క నాకంటే రెండేళ్ళే పెద్ద. అయినా నన్ను చంకనెత్తుకుని పెంచినట్టే మాట్లాడేది. చదువు మానేసి మగ్గం ఎక్కుతానని నేను మారాం చేసినప్పుడు చీపురు తిరగేసి గల్లీ చివరిదాకా తరిమింది. పద్దెనిమిదేళ్ళకు ఆమెకు పెళ్ళయింది. మా బావ జంపఖానాలు నేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఇక్కడ మగ్గాలకు పని లేక, రెండేళ్ళు బొంబాయి దగ్గర భివండి పోయి పవర్‌లూమ్‌ల మీద పని చేసి వచ్చాడు. మా దిక్కు ఆడవాళ్ళకు భివండి అంటే గుండెల్లో రాయి. మొగుడు అటు పోతే రోగమో, రెండో సంసారమో వెంట తెస్తాడని భయం. మా బావను చూస్తే మాత్రం ఎవరికీ అట్లా అనిపించదు. మాట తక్కువ మనిషి. నేను కనిపిస్తే చాలు, "ఏం బామ్మర్ది, ఇయాల ఎవల రక్తం తాగినవ్?" అని ఒక్కటే హాస్యం. ఏళ్ళ తరబడి అదే హాస్యం, ఏళ్ళ తరబడి ఆయనకు అదే నవ్వు.

అక్క ఒంట్లో ఏదో తేడా ఉందని అందరికీ తెలుసు. పొద్దున్నే వేళ్ళు ముడుచుకుపోయి, ఎండ ముంగిట్లోకి వచ్చేదాకా రాట్నం పట్టలేకపోయేది. మగ్గానికి నూలు కండెలు చుట్టేది ఆమే కాబట్టి బావ ఊరికే కూర్చుని చూసేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. కాస్త ఎండలో తిరిగితే చాలు, ముక్కుకు రెండు పక్కలా చెంపలు కందిపోయి ఎర్రగా అయ్యేవి. "వేడి జేసింది, సబ్జా గింజలు తాగు" అనేవాళ్ళు. కీళ్ళ నొప్పులకు వాతం అన్నారు. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోది ఐదో నెల. దానికి దిష్టి అన్నారు. అన్నీ కలిపి ఒకటే జబ్బు కావచ్చని ఒక్కరికీ తట్టలేదు. రోజూ నాలుగు రకాల రక్తాలు చూసే నాకూ తట్టలేదు.

రెండో కడుపు పోయాక బావే ఆమెను మా దవాఖానకు తీసుకొచ్చాడు. ఆడవాళ్ళ వార్డు డాక్టరమ్మ రక్తం పరీక్షలు రాసింది. కడుపు నిలవని ఆడవాళ్ళకు అప్పట్లో తప్పకుండా రాసే పరీక్ష ఒకటుంది, వి.డి.ఆర్.ఎల్. అని. సుఖరోగం ఉందా లేదా చూసేది. మా జనం దాన్ని సవాయి రోగం అంటారు. రక్తం మీద తేరిన నీరు ఒక చుక్క, చిన్న సీసాలో వచ్చే మందు ఒక చుక్క గాజుపలక మీద కలిపి, నాలుగు నిమిషాలు చేత్తో గుండ్రంగా తిప్పి మైక్రోస్కోపు కింద పెట్టాలి. సన్నని పొడిలా విడివిడిగా ఉంటే మంచిది. పాలు విరిగినట్టు ముద్దలు కడితే రోగం. అంతే! ఆ సీసాలో ఉన్నదేమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ రోజు పన్నెండు రక్తాలు. గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏడో నంబరు ముద్ద కట్టింది. అలవాటు ప్రకారం ఎర్ర సిరా తీసి రాశాను. తర్వాత పేరు ఎక్కించడానికి వార్డు పుస్తకం తెరిచి ఏడో నంబరుకు ఎదురుగా చూశాను. మా అక్క పేరు. ఆమె మొగుడి పేరు. మా గల్లీ పేరు.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. కుర్చీలో కూర్చునే ఉన్నాను గాని కూర్చున్నట్టు లేదు. పక్క గదిలో ఎవరో నవ్వుతున్నారు, ఆ నవ్వు నా గురించే అనిపించింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ముద్దలే. కొత్త పలక తీసి, కొత్త చుక్క వేసి, లెక్క తప్పకుండా నాలుగు నిమిషాలు తిప్పాను. మూడోసారీ అదే.

మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉండేది. ఆడమనిషి రక్తంలో ఇది దొరికితే కాగితం ఆమె చేతికి ఇవ్వం. డాక్టరుకు ఇచ్చి, మొగుణ్ణి పక్కకు పిలిచి మెల్లగా చెప్తాం. నేను ఆ పద్ధతి కూడా పాటించలేదు. డాక్టరమ్మకు చూపిస్తే నర్సుకు తెలుస్తుంది, నర్సుకు తెలిస్తే ఆయాకు తెలుస్తుంది, ఆయా ఇల్లు మా వెనక గల్లీలోనే. పరువు! నాకు ఆ ఒక్క మాట తప్ప ఇంకేం తోచలేదు. ఎర్ర సిరా కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, సైకిలెక్కి నేరుగా బావ దగ్గరికి పోయాను. అక్క ఆ పూట ఇంకా దవాఖానలోనే ఉంది.

ఆయన మగ్గం మీద ఉన్నాడు. గుంటలో కాళ్ళు, చేతిలో కండె పెట్టిన నాడె. నన్ను చూసి నవ్వి "ఏం బామ్మర్ది" అని మొదలుపెట్టేలోపే బనీను పట్టుకుని గుంజాను.

"భివండిల ఏం జేసినవ్? నిజం జెప్పు!"

"పని జేసిన. ఏందిరా గట్ల గుంజుతవ్?"

"పనేనా? మా అక్క రక్తంల సవాయి రోగమున్నది. గది ఏడికెళ్ళి వచ్చింది? పైకెళ్ళి ఊడిపడ్డదా?"

ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. అది తప్పు దొరికిన మొహం అనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి! మగ్గం మీద చెయ్యి పెట్టి, "మగ్గం మీద ఒట్టు. నేను ఏ ఆడిదాని దగ్గరికి పోలే" అన్నాడు. మా వాళ్ళలో మగ్గం మీద ఒట్టు పెట్టుకుని అబద్ధమాడరు. అయినా నేను నమ్మలేదు. ఒక చెంపదెబ్బ కొట్టాను. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు, అన్నం పెట్టిన మనిషి, ఆయన్ను కొట్టాను. తిరిగి చేయెత్తలేదు. లేచి చొక్కా వేసుకుని, "నా రక్తం గూడ తియ్యి. ఇప్పుడే తియ్యి" అన్నాడు.

తీశాను. ఆయన్ను ల్యాబ్ బయట నిలబెట్టి పలక తిప్పుతూ, ఎర్ర సిరా కలం మూత ముందే తీసి పెట్టుకున్నాను. కింద చూస్తే సన్నని పొడి. విడివిడిగా, శుభ్రంగా. మళ్ళీ చేశాను. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ బావ రక్తం మంచిదే.

బావది మంచిదైతే అక్కకు ఎక్కడిది? ఆ ప్రశ్న నా బుర్రలోకి వచ్చిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. ఛీ, అట్లా ఎందుకుంటుంది, నా పరీక్షలో ఏదో తిరకాసు ఉందేమో అని ఒక్కసారైనా అనుకోవాలి కదా? ట్రైనింగ్‌లో మాస్టారు ఒక మాట చెప్పాడు కూడా, వేరే జబ్బుల్లోనూ ఈ పరీక్ష తప్పుగా రావచ్చని, అనుమానం ఉంటే డాక్టరుకు చెప్పాలని, హైదరాబాదుకు పంపి ఖాయం చేసుకోవాలని. అది గుర్తుకు రాలేదు. నా కన్ను తప్పు చూడదుగా మరి! చీపురు తిరగేసి నన్ను బడికి తరిమిన మనిషిని అనుమానించాను గాని నా మైక్రోస్కోపును అనుమానించలేదు.

సైకిల్ స్టాండు దగ్గర బావకు చెప్పాను. "నీది మంచిగనే ఉన్నది" అన్నాను.

"మల్ల జూసినవా?"

"మూడుసార్లు జూసిన. ఆమెది గూడ మూడుసార్లు."

ఆయన గోడ వైపు తిరిగాడు. ఎవరిదో సైకిల్ బెల్లును వేలితో తిప్పుతున్నాడు, మోగించడం లేదు. చివరికి మెల్లగా అన్నాడు: "నాది గూడ ఎర్రగనే రాయి."

"ఏందీ?"

"ఎర్ర సిరతోని రాసియ్యి. మీ అక్కకు జూపిస్త. నాతోనే వచ్చిందని చెప్త."

"నువ్వేం జెయ్యకుండనే..."

"నువ్వు ఊకో. ఇగ దీని గురించి నువ్వు మాట్లాడద్దు. ఆమెను ఎవ్వలన్న ఒక్క మాటన్నరో నేను ఊకోను. నిన్ను గూడ."

రాశాను. ఆ మధ్యాహ్నం నేను రెండు రిపోర్టులు రాశాను, రెండూ అబద్ధాలే. అక్కది నల్ల సిరాతో దోషం లేదని డాక్టరమ్మకు. బావది ఎర్ర సిరాతో దోషం ఉందని అక్కకు. మర్నాడు డాక్టరమ్మ వరండాలో ఆపి, "ఆ నేత అమ్మాయి పరీక్ష ఏమైంది?" అని అడిగింది. "మంచిగనే ఉందమ్మా" అన్నాను, కళ్ళార్పకుండా. ఆమె నొసలు ముడిచింది. "మరి పిండం ఎందుకు నిలుస్తలేదు?" అని తనలో తను అనుకుంటూ పోయింది. ఆ నొసలు ముడుచుకోవడం నేనెన్నిసార్లు తలుచుకున్నానో. ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి ఉంటే అక్క వేళ్ళను, చెంపలను, పోయిన ఇద్దరు పిల్లలను కలిపి ఆలోచించేదేమో. ఆ దారి నేనే మూసేశాను.

సూదిమందు నేనే వేశాను, వారానికొకటి, మూడు వారాలు. చిక్కటి పెన్సిలిన్ అది, సూదిలోంచి ఒక పట్టాన దిగదు, రెండు రోజులు తుంటి ఎత్తనివ్వదు. అక్కతోపాటు బావా వేయించుకున్నాడు. ఏ రోగమూ లేని మనిషి పళ్ళు బిగబట్టి మూడు సూదులు పొడిపించుకున్నాడు.

బావ ఆ ఎర్ర సిరా కాగితం చూపించి చెప్పిన రోజు అక్క ఏడవలేదు. మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు, అంతే. నాలుగో రోజు బావ కంచం, గ్లాసు వేరే పెట్టింది. గ్లాసుకు గుర్తుగా మేకుతో గీత గీసింది. ఆయన పడక మగ్గం పక్కకు మారింది. పిల్లల ఆశ అక్కడితో చాలించింది. మాట ఇంట్లో ఆగుతుందా, ఎట్లా పొక్కిందో గల్లీకి పొక్కింది. కల్లు దగ్గర ఆయనకు తాగే తాటాకు రేక విడిగా ఇచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళలో ఆయన పక్క విస్తరి ఖాళీగా ఉండేది. "భివండి సరుకు" అని వెనక నవ్వేవాళ్ళు. ఆయన తలొంచుకుని తిని వచ్చేవాడు. నన్ను చూస్తే మాత్రం మునుపటిలాగే, "ఏం బామ్మర్ది, ఎవల రక్తం తాగినవ్?"

ఇంకొకటి చెప్పకపోతే ఈ రాత అంతా దొంగరాతే. ఆ తర్వాత పదేళ్ళూ నేను మా అక్కను అనుమానించాను. మనసులో గల్లీ మొగవాళ్ళను ఒక్కొక్కళ్ళనే తెచ్చి ఆమె పక్కన నిలబెట్టి చూశాను. రాఖీ కట్టించుకుంటూ కూడా ఆమె మొహంలోకి సూటిగా చూడలేదు. బావ చేసిన పనికి నేను సిగ్గుపడుతున్నానని ఆమె అనుకుంది. "నువ్వెందుకురా తల దించుకుంటవ్? తప్పు జేసినోడు మంచిగనే తిరుగుతాండు" అనేది. నా బుద్ధి గడ్డి తిన్నది అంటే చిన్న మాట.

ఎనభైల్లో సగం దాటాక, ఒక ఎండాకాలం పొద్దున, అక్క కండెలు చుడుతూ చుడుతూ రాట్నం వదిలేసి గోడకు జారగిలపడింది. రొమ్ము మధ్య రాయి పెట్టినట్టుంది అంది. ఒళ్ళంతా చెమట. ఎడమ చేయి గుంజుతోంది అంది. నేను డ్యూటీకి పోతూ అటు తొంగిచూశాను. పక్కింటామె అప్పటికే వాము నలుపుతోంది. "గ్యాసే అక్కా, గోలీసోడ తాగు, తగ్గుతది" అన్నాను. పదేళ్ళ సర్వీసు నాది! ముప్పై మూడేళ్ళ ఆడమనిషికి గుండెపోటు వస్తుందని నాకే కాదు, ఆ గల్లీలో ఎవరికీ ఊహకు కూడా అందదు. బావ మాత్రం వినలేదు. "గ్యాసైతే గింత చెమట ఎందుకొస్తదిరా?" అని అరిచాడు. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. ఆమె వద్దు వద్దు అంటున్నా రెండు చేతులా ఎత్తి రిక్షాలో పడేశాడు. పదేళ్ళలో ఆయన ఆమెను ముట్టుకుంది అప్పుడే.

ఈసీజీ తీసింది నేనే. అప్పుడే హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఆ కాగితం పట్టుకుని నన్ను పైకీ కిందికీ చూశాడు. "తీగలు తారుమారు పెట్టావా?" అన్నాడు. లేదన్నాను. "వయసెంత?" చెప్పాను. మళ్ళీ తీయమన్నాడు. మళ్ళీ అదే. "గుండెపోటు" అన్నాడు. "పెద్దదే వచ్చింది. గుండెకు రక్తం ఇచ్చే నరంలో గడ్డ అడ్డం పడింది." షుగర్ ఉందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. ఏదీ లేదు.

ఆమెకు మందులు ఎక్కించి పడుకోబెట్టాక నన్ను వరండాలోకి పిలిచాడు. అప్పటికే ఆమె చెంపల వైపు, వేళ్ళ వైపు చూసి వచ్చాడు. అప్పుడు అడిగిన ప్రశ్నలు నాకు వరుస తప్పకుండా గుర్తున్నాయి.

"పొద్దున్నే కీళ్ళు పట్టేస్తాయా?"

"అవును సార్."

"ఎండలో మొహం ఎర్రబడుతుందా?"

"అవును."

"కడుపు పోయిందా ఎప్పుడైనా?"

"రెండుసార్లు."

"ఎప్పుడైనా వి.డి.ఆర్.ఎల్. పాజిటివ్ వచ్చిందా?" అన్నాడు.

పదేళ్ళుగా మా ముగ్గురి మధ్య తప్ప నాలుగో మనిషికి తెలియని కాగితం అది. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి, మా గల్లీ ముఖం చూడని మనిషి, వేలు పెట్టి చూపించినట్టు అడిగాడు. "వచ్చింది సార్. మీకెట్ల ఎర్క?" అన్నాను.

"అనుకున్నా" అన్నాడు ఆయన. "మొగుడికి చేశారా? మంచిదే వచ్చిందా? వస్తుంది. ఆమెకు ఆ రోగం లేదయ్యా. ఎప్పుడూ లేదు."

తర్వాత ఆయన ఓపిగ్గా చెప్పాడు. బయటి నుంచి వచ్చే క్రిములను పట్టుకోవడానికి రక్తం యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. కొందరి ఒంట్లో అవి దారి తప్పి సొంత ఒంటి మీదే పడతాయి, ఇంటి కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు. కీళ్ళ మీద పడితే నొప్పులు, చర్మం మీద పడితే ఆ ఎరుపు. వాటిలో ఒక రకం కొవ్వు పదార్థాలకు అతుక్కుని రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. మాయలో గడ్డ కడితే బిడ్డ పోతుంది. గుండె నరంలో కడితే ఇదిగో, ఇట్లా. "నీ సీసాలో ఉండే మందు ఏమిటనుకున్నావు? ఎద్దు గుండె నుంచి తీసిన కొవ్వు. నీ పరీక్ష రోగం క్రిమిని చూడదు. ఆ కొవ్వుకు అతుక్కునే యాంటీబాడీ ఉందా లేదా చూస్తుంది, అంతే. సుఖరోగం ఉన్నవాళ్ళలో అది ఉంటుంది. ఈమెలాంటి వాళ్ళలోనూ ఉంటుంది. గుండెకూ దీనికీ ముడి ఉందని మాకే ఈమధ్య తెలుస్తోంది. కాని అప్పుడు ఆ రిపోర్టు చూసిన డాక్టరుకు కనీసం కీళ్ళ జబ్బు అనుమానమైనా రావాలే. ఎవరు చూశారు?"

నేను తల వంచుకున్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే నయం అనిపించింది.

ఖాయం చేసుకోవడానికి హైదరాబాదుకు రక్తం పంపుదాం, ఈలోపు ఇక్కడ చేయగల పరీక్ష చేయమన్నాడు. అక్క రక్తం తీసి, కాసేపు వెచ్చగా ఉంచి, పలక మీద పరిచి రంగు వేసి చూశాను. అదే మైక్రోస్కోపు, అదే కుర్చీ. కింద ఒక తెల్లకణం కనిపించింది, ఇంకో కణం మధ్యభాగాన్ని మింగి ఉబ్బిపోయి ఉంది. దాని పక్కన ఇంకొకటి. తన ఒంటి కణాన్ని తన రక్తమే మింగుతోంది. ఈ పరీక్ష నాకు ట్రైనింగ్‌లోనే నేర్పారు. పదేళ్ళ కింద ఆ మధ్యాహ్నం, సైకిలెక్కి బావ బనీను పట్టుకునే బదులు, డాక్టరమ్మకు నిజం చెప్పి ఉంటే ఆమె ఇదే చేయమని ఉండేదేమో. ల్యాబ్ తలుపు గడియ వేసుకుని నోట్లో చేతిరుమాలు కుక్కుకుని ఏడ్చాను.

వెంటనే అక్కకు చెప్పేస్తానని లేచాను. డాక్టరు ఆపాడు. "నాలుగు రోజులు ఆమెకు ఏ కబురూ చెప్పొద్దు. సంతోషం కబురైనా సరే, గుండెకు అదీ బరువే." సరే, నాలుగు రోజులే కదా అనుకున్నాను. బావకైనా చెప్పొచ్చు. ఆయన వార్డు తలుపు బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాడు, లేచిందే లేదు. అక్క మొదటి రోజే, "గా మనిషిని లోపలికి రానియ్యకు" అంది నాతో. నేను వస్తూ పోతూ ఆయన ముందునుంచే నడిచాను. చెప్పలేదు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఇద్దరి కాళ్ళూ పట్టుకుని చెబుదామనుకున్నాను. నిజానికి అదొక సాకు. నోరు రాలేదు, అదీ అసలు సంగతి.

రెండో రోజు మధ్యాహ్నం అక్క కాస్త తేటగా ఉంది. బత్తాయి తొన ఒకటి నోట్లో పెడితే చప్పరించి, కిటికీ వైపు చూస్తూ, "ఆయన బయట ఎండల కూసున్నడా, నీడల కూసున్నడా?" అని అడిగింది. గా మనిషి అనలేదు, ఆయన అంది. "నీడలనే అక్కా" అన్నాను. "తిన్నడా?" అంది. తిన్నాడన్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే? డాక్టరు మాట గుర్తొచ్చి మింగేశాను. ఇంకో రెండు రోజులే కదా.

మూడో రోజు పొద్దున రెండో పోటు వచ్చింది. డాక్టరు రొమ్ము మీద రెండు చేతులతో అదుముతూనే ఉన్నాడు. నేను మందు సీసా చివర విరుస్తూ వేలు కోసుకున్నాను. సూది ఎక్కించేలోపే అయిపోయింది. తలుపు తీసి బయటికి వచ్చాను. బావ నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

దినం అయిన మర్నాడు పొద్దున ఆయన దగ్గరికి పోయాను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పక్కన రాట్నం, దాని మీద సగం చుట్టిన కండె అట్లాగే ఉంది. నేల మీద కూర్చుని అంతా చెప్పాను. డాక్టరు చెప్పింది, నేను చూసింది, డాక్టరమ్మకు నేను అబద్ధం చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు.

"అంటే మీ అక్క తప్పేం లేదు?" అన్నాడు చివరికి.

"లేదు బావా. ఆమెదీ లేదు, నీదీ లేదు."

"నా సంగతి నాకెర్కనే." ఆయన రాట్నం మీది కండెను చేతిలోకి తీసుకున్నాడు. "పదేండ్లు ఆమెను మాఫ్ చేసిన అనుకున్న. ఒక్కనాడు అడగలే. అడగకుండనే మాఫ్ చేసిన, నేనెంత మంచోన్ని అనుకున్న. ఏం తప్పని మాఫ్ చేసిన్రా నేను?"

ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉండిపోయాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు. "ఆమెకు చెప్పినవా ఇదంత? పోయే ముందు?"

లేదు అనాలి. ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఆ మనిషిని అట్లా చూసి, ఇంకో దెబ్బ కొట్టలేక, "చెప్పిన బావా" అన్నాను. ఆయన నాకు నేర్పిన అబద్ధమే అది, ఎదుటి మనిషి కోసం చెప్పేది. ఈసారి మంచే జరుగుతుందనుకున్నాను.

ఆయన గభాలున తల ఎత్తాడు. కళ్ళలో ఏదో వెలిగింది. "ఏమన్నది?"

నోటికొచ్చింది చెప్పాను. "నిన్ను పిలువుమన్నది."

ఆ వెలుగు అట్లాగే ఉండి, మెల్లగా మారిపోయింది. నన్ను ఎగాదిగా చూశాడు.

"నేను ఆడనే ఉన్న గద బామ్మర్ది" అన్నాడు. "తలుపు బయట బల్ల మీదనే ఉన్న గద. మూడొద్దులు ఆడనే ఉన్న గద. ఎందుకు పిలువలే?"

ఎండలో కూర్చున్నాడా నీడలో కూర్చున్నాడా అని అక్క నిజంగానే అడిగింది. ఆ మాట నా దగ్గర ఉండనే ఉంది. అదొక్కటి చెప్పినా సరిపోయేది, ఈ అబద్ధం పని ఉండేదే కాదు. ఆ క్షణంలో అది నాకు గుర్తుకే రాలేదు. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మలేదు, నేను మాట మారుస్తున్నాననుకున్నాడు. ఆ పొద్దు మాత్రం ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నా ముందు కూర్చుని, నా రెండు భుజాలు పట్టుకుని, ఏడుస్తూ అదే అడుగుతూ ఉన్నాడు.

"ఎందుకు పిలువకపోతివిరా?"